మునీబ్ బండిలో నీళ్ళు

మునీబ్ గలాయినీ చేతి దెబ్బ తినని మగవాడు మా ముసైత్బె పేటలో దొరకడం కష్టం. నన్నే రెండుసార్లు కొట్టాడు. మంట దగ్గర బండి ఇంజను ఆపినందుకు ఒకసారి, ఆపనందుకు ఇంకోసారి. అయినా అతన్ని వేరేవాళ్ళు ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. తిట్టే హక్కు నాకొక్కడికే ఉంది. బీరూట్‌లో అతను ఉద్యోగం చేసినన్నాళ్ళూ అతని ఫైరింజను నడిపిన జుర్జీ నఖ్లేని నేను. అతను ముస్లిం, నేను క్రైస్తవుణ్ణి. మా ఇద్దరికీ తగాదా వచ్చేది మతం గురించి కాదు, అతను నా పక్క సీట్లో కూర్చుని పచ్చి ఉల్లిపాయలు కొరుక్కు తినడం గురించి.

వాళ్ళ నాన్న పేట హమ్మామ్‌లో, అంటే ఊరందరి స్నానాల ఇంట్లో, పొయ్యి మండించేవాడు. మగవాళ్ళంతా పైన స్నానాలు చేస్తుంటే ఆయన నేల కింద కూర్చుని రంపపు పొట్టు, పాత చెప్పులు, చెత్త, ఏది దొరికితే అది పొయ్యిలోకి తోసేవాడు. ఆ నిప్పుల మీదే తెల్లారేసరికి పేటకంతటికీ చిక్కుడు గింజలు ఉడికేవి. ఒక శుక్రవారం పొద్దున కాగు పగిలి సలసల కాగే నీళ్ళు ఆయన మీద పడ్డాయి. చొక్కాతో పాటు చర్మం ఊడివస్తుంటే, తువ్వాళ్ళు చుట్టుకున్న పెద్దమనుషులు చుట్టూ నిలబడి అయ్యో అయ్యో అన్నారే తప్ప ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు. మునీబ్‌కి అప్పటికి మీసం కూడా సరిగ్గా రాలేదు. తండ్రిని వీపున వేసుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తాడు. ఆయన దారిలోనే పోయాడు.

ఆ తర్వాత మునీబ్‌కి దేవుడంటే భయం ఉండేది, పెళ్ళామంటే భయం ఉండేది. నిలబడి చూసేవాళ్ళంటే మాత్రం చంపేయాలన్నంత కోపం. ఫైర్ స్టేషనులో చేరాక ఆ కోపానికి ఒక పని దొరికింది. మంట దగ్గరికి వెళ్తే మొట్టమొదట గొట్టం తిప్పేది మంట మీదికి కాదు, గుమిగూడిన జనం మీదికి.

"ఏం, పెళ్ళా ఇక్కడ? చూసింది చాల్లే! బకెట్ పడితే పట్టండి, లేదా ఇళ్ళకి పోండి!"

గడియ ఎక్కడుందో వెతికే ఓపిక అతనికి లేదు. ప్రతి తలుపూ కాలితో తన్నేవాడు. ఒకసారి తీసి ఉన్న తలుపును కూడా తన్ని లోపలికి బోర్లా పడ్డాడు. ఆ కథ స్టేషనులో మేమెవ్వరం అతన్ని మరిచిపోనివ్వలేదు.

బట్టల వ్యాపారి ఖవాజా ఇస్పిరిదోన్, అంటే ఇస్పిరిదోన్ దొర, ఇల్లు అంటుకున్న రోజు నేనూ అక్కడే ఉన్నాను. మూడో అంతస్తు కిటికీల్లోంచి నల్లటి పొగ. ఖవాజా గారు వీధిలో పట్టు గౌనులో నిలబడి గుండెలు బాదుకుంటున్నాడు.

"నా తివాచీలు! అయ్యా, ముందు తివాచీలు దించండి! షీరాజ్‌వి అవి!"

"లోపల మనుషులున్నారా?" అని మునీబ్ అడిగాడు.

"ఎవరూ లేరు. పనిపిల్ల ఒకత్తి... వంటింట్లో పెట్టి బయట గడియ వేశాను. దొంగబుద్ధి దానికి."

మునీబ్ కొట్టిన దెబ్బకి ఖవాజా ముందు పళ్ళు ఊడి గౌను మీద పడ్డాయి. ఇంకో దెబ్బ కొట్టే తీరిక లేక మునీబ్ మెట్లెక్కాడు. ఆ పిల్లను తడి గోనెలో చుట్టి భుజాన వేసుకుని తెచ్చాడు. పిల్ల బతికింది గానీ నెత్తిన జుట్టు మళ్ళీ సరిగ్గా మొలవలేదు. తర్వాత పైవాళ్ళు, వెళ్ళి ఖవాజాకి క్షమాపణ చెప్పి రమ్మన్నారు. మిఠాయి పళ్ళెం పట్టుకుని బుద్ధిగానే వెళ్ళాడు. "ఇంతకీ నా తివాచీలు కాలిపోయాయి కదయ్యా" అన్నాట్ట ఖవాజా. మునీబ్ ఇంకోటి తగిలించి, మిఠాయి వెనక్కి తెచ్చేసుకున్నాడు. అది మేమే తిన్నాం.

ఇంతలో యుద్ధం వచ్చింది. ఊరిని నడిమికి చీలుస్తూ ఒక గీత పడింది. ఇటు పడమర వీళ్ళు, అటు తూర్పున వాళ్ళు. నా మతం వాళ్ళు ఎక్కువమంది అటే ఉన్నారు. నా ఇల్లూ నా బండీ ఇక్కడున్నాయి కాబట్టి నేను కదల్లేదు. ఆ గీత పొడవునా ఇళ్ళు కాలుతూనే ఉండేవి. ఆ ఇళ్ళలో, ఎక్కడికీ పోలేని పేదవాళ్ళు ఇంకా కాపురాలు చేస్తూనే ఉండేవాళ్ళు.

మా సైరన్ వినగానే రెండు వైపుల నుంచీ కాల్పులు మొదలయ్యేవి. తప్పు కాల్చే కుర్రాళ్ళది కూడా కాదు. రెండు వైపుల ముఠాలూ అంబులెన్సుల్లో తూటాల పెట్టెలు మోసీ మోసీ సైరన్ అంటేనే నమ్మకం లేకుండా చేశాయి. మా వహీబ్ అలాగే పోయాడు. నవ్వుమొహం మనిషి, గొట్టం పట్టుకుని కిటికీ కింద నిలబడి ఉన్నాడు. తూటా మెడలోంచి దూసుకుపోయింది. అతని చేతుల్లోంచి జారిన గొట్టం నీళ్ళ ఒత్తిడికి రోడ్డంతా కొట్టుకుంటూ అతని నెత్తురంతా కడిగేసింది. గంటసేపు శవాన్ని తీసుకోవడానికి కూడా తల ఎత్తనివ్వలేదు. పైన ఇంట్లో ముసలి దంపతులు కేకలు పెట్టారు, పెట్టారు, ఆగిపోయారు.

వహీబ్‌ని పూడ్చి వచ్చాక మునీబ్ సైరన్ తీగలు తెంపేశాడు.

"ఒరేయ్ జుర్జీ, ట్యాంకు వెనకాల కుళాయి కొంచెం తిప్పి పెట్టు."

"పిచ్చా నీకు? నీళ్ళన్నీ దారిలోనే కారిపోతాయి."

"కారనీ. బండిలో ఏముందో వాళ్ళ కళ్ళకి కనపడాలి."

బండి తలుపులు రెండూ తీసి తాడుతో కట్టేశాడు, లోపల ఎవరున్నారో కనబడేలా. గీత దగ్గరికి రాగానే దిగి, టోపీ తీసేసి, రెండు చేతులూ పైకెత్తి బండికి ముందు నడవడం మొదలెట్టాడు. నేను అతని వెనకాల నత్తనడకన బండి పోనిచ్చాను.

"నేను మునీబ్‌ని! ఫైర్ స్టేషను! బండిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు!"

అవతల, తూటాలు తిని జల్లెడైన ఒక పసుపుపచ్చ మేడ ఉండేది. దాని ఇసుక బస్తాల వెనక నుంచి ఒక గొంతు పలికింది. "నీళ్ళేనని ఎలా నమ్మేది?"

"వెనక చూడు! మీ అమ్మ ఇంటి చూరులాగా కారుతోంది!"

అక్కడెవరో నవ్వారు. "ఏం కాలుతోంది మునీబ్?" అని అడిగింది ఆ గొంతు.

"రొట్టెల బట్టీ పైన ఇల్లు."

"వెళ్ళు."

ఆ గొంతు పేరు సర్కీస్ అని తర్వాత తెలిసింది. మొహం ఎప్పుడూ చూడలేదు. గురి మాత్రం పేటకంతటికీ తెలుసు. రోడ్డు దాటే కుక్కను కూడా వదిలేవాడు కాదు, మనుషుల సంగతి చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నుంచీ కారే బండి మీదికి తూటా రాలేదు, అటు నుంచీ ఇటు నుంచీ. ఏళ్ళ తరబడి అదే ప్రశ్న, అదే జవాబు. కుళాయిల్లో నీళ్ళు రాని రోజులు కాబట్టి గీత పక్క సందుల ఆడవాళ్ళు డబ్బాలు పట్టుకుని మా వెనక పరుగెత్తేవాళ్ళు.

"అబూ రషాద్, ఇంకాస్త తిప్పవయ్యా కుళాయి!" అని వాళ్ళు అరిచేవాళ్ళు. రషాద్ మునీబ్ పెద్దకొడుకు. కొడుకు పేరుతో తండ్రిని పిలవడం మా దగ్గర మర్యాద.

"ఇల్లార్పే నీళ్ళమ్మా ఇవి, నీ వంకాయ కూరలోకి కాదు!" అంటూనే తిప్పేవాడు.

ఒకసారి ఆ పసుపు మేడే అంటుకుంది. సర్కీసే కేకేసి పిలిచాడు. మంట మెట్ల దారిలో ఉంది, దాని కింద సెల్లారు. మునీబ్ మెట్ల మంటలోంచే కిందికి దూకాడు, వెనక నేను గొట్టం మోశాను. లోపల పరుపులు పరుచుకుని ఇరవై కుటుంబాల దాకా ఉన్నాయి. అందరూ ఆడవాళ్ళు, పిల్లలు, మంచాన పడ్డ ముసలివాళ్ళు. పొగకి అప్పటికే ఒక చంటిబిడ్డ పోయింది. తల్లి ఆ బిడ్డను ఇంకా రొమ్ముకి పెట్టుకునే ఉంది. మిగతా అందర్నీ గొట్టం నీళ్ళ తెర కిందినుంచి బయటికి నడిపించాం. ఒక ముసలావిడ మాత్రం పరుపు తడిపాడని మునీబ్‌ని చెప్పుతో కొట్టబోయింది. ఆవిడే సర్కీస్ తల్లి. తర్వాత మనసు మార్చుకుని అతని జేబులో గుప్పెడు ఎండు అంజూరాలు కుక్కింది. మంట ఆరాక అందరూ మళ్ళీ అదే సెల్లారులోకి వెళ్ళారు. వాళ్ళకి ఇంకో చోటు లేదు.

ఇక మా వైపు అబూ సఖర్ గురించి చెప్పాలి. యుద్ధానికి ముందు సినిమా హాలు దగ్గర బ్లాకులో టికెట్లమ్మేవాడు. యుద్ధం వచ్చాక తుపాకీ పట్టి మా సందులకి రాజయ్యాడు. సర్కీస్ అతని తమ్ముణ్ణి కాల్చి చంపాడు. అప్పటినుంచి ఆ పసుపు మేడను నేలమట్టం చేస్తానని తిరుగుతున్నాడు. రషాద్ చదువు మానేసి వాడి దళంలోనే చేరాడు. మునీబ్ కొట్టాడు, తాళం వేశాడు, బతిమాలాడు కూడా. వాడు కిటికీలోంచి దూకి పారిపోయాడు. రషాద్ స్నేహితుణ్ణి కూడా సర్కీసే చంపాడు, అది నిజం. ఎవరి నొప్పి వాళ్ళకి ఉంది.

ఒక మధ్యాహ్నం అబూ సఖర్ మనుషులతో స్టేషనులోకి వచ్చాడు. మేము తింటున్నాం. మునీబ్ ఉల్లిపాయ నములుతూనే చూశాడు.

"అబూ రషాద్, నీ ట్యాంకు కావాలి," అన్నాడు అబూ సఖర్. "నీళ్ళు తీసేస్తున్నాం. నలుగురు కుర్రాళ్ళు లోపల కూర్చుంటారు. వెనక ఒక పీపా కడతాం, కుళాయి కారుతూనే ఉంటుంది. నువ్వెప్పటిలా ముందు నడువు, నీ పాట పాడు. పసుపు మేడ గుమ్మం దాకా తీసుకెళ్తే చాలు."

"మేడలోకి వెళ్ళి ఏం చేస్తారు?"

"పై నుంచి కింది దాకా ఊడుస్తాం."

"కింద సెల్లారులో ఆడవాళ్ళున్నారు. పిల్లలున్నారు."

"నా తమ్ముడికీ పిల్లలున్నారు," అన్నాడు అబూ సఖర్.

మునీబ్ లేచి వాడి మొహాన ఉమ్మేశాడు. ఉల్లిపాయతో సహా. నలుగురు కలిసి అతన్ని కింద పడేసి తుపాకీ మడమలతో బాదారు. ముక్కు పగిలింది, ఎడమ చేతి వేళ్ళు చితికాయి. నేను అడ్డం పడితే నా పక్కటెముక విరిగింది. అవతల మా కళ్ళ ముందే మా ట్యాంకులోని నీళ్ళు స్టేషను వాకిట్లోకి వదిలేశారు. ఊరు గొంతెండి చస్తుంటే ఆ నీళ్ళన్నీ కాలవలో కలిసిపోయాయి. నాకు దెబ్బలకన్నా అదే ఎక్కువ బాధ.

"మంట ఏదిరా మరి?" అన్నాడు మునీబ్ నెత్తురు ఉమ్ముతూ. "మంట లేకుండా వెళ్తే వాడు నమ్ముతాడా?"

అబూ సఖర్ తూర్పు వైపు చూపించాడు. గీతకి అవతల కలప గోదాము మీద పొగ లేస్తోంది. అది కూడా వాళ్ళే అంటించారు.

ట్యాంకు పై మూతలోంచి కుర్రాళ్ళు ఒక్కొక్కరూ లోపలికి దిగారు. చివరివాడు రషాద్. భుజాన తుపాకీ, నడుముకి బాంబులు. తండ్రి మొహం చూసి ఆగాడు.

"నాన్నా, నిన్నెవరు కొట్టారు?"

"దిగు," అన్నాడు మునీబ్. "రషాద్, కాళ్ళు పట్టుకుంటాను. దిగరా."

"నువ్వు దాటించు చాలు. మిగతాది మేం చూసుకుంటాం. నిన్ను వాళ్ళేం చేయరు నాన్నా, నువ్వంటే వాళ్ళకి నమ్మకం."

పాపం, వాడు ధైర్యం చెప్తున్నాననుకున్నాడు. వాణ్ణి ఎందుకు ఎంచారో వాడికి తెలియదు. మూత పడ్డాక అబూ సఖర్ మునీబ్ చెవి దగ్గరికి వంగాడు. "నీ కొడుకు లోపలున్నాడు. నోరు జాగ్రత్తగా వాడు."

నా కాళ్ళ దగ్గర ఒకడు తుపాకీ పట్టుకుని నక్కి కూర్చున్నాడు, దాని మూతి నా పొట్టకి ఆనించి. బండి కదిలింది. మునీబ్ నా పక్కన కూర్చున్నాడు. మొహమంతా నెత్తురు, చొక్కా చేత్తో తుడుచుకుంటున్నాడు. వెనక పీపా నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆడవాళ్ళు ఎప్పటిలాగే డబ్బాలతో వచ్చారు. ఎంత చక్కగా ఏర్పాటు చేశారంటే, నేనే అటువైపు ఉంటే నమ్మేసేవాణ్ణి.

మా వైపు ఇసుక బస్తాల దగ్గర మునీబ్ దిగాడు. దిగే ముందు నా వైపు చూసి, "జుర్జీ, కిందికి వంగు," అన్నాడు నెమ్మదిగా. అతను చేతులెత్తి నడిచాడు. అబూ సఖర్, ఇంకొందరు బస్తాల వెనక నుంచి అతని వీపు మీదికి తుపాకులు పెట్టి ఉన్నారు. ముందు సర్కీస్, వెనక అబూ సఖర్, ట్యాంకులో కొడుకు. ఎప్పుడూ ఆగే చోటనే ఆగాడు. ఎప్పుడూ అరిచే అరుపు మాత్రం అరవలేదు.

చివరికి సర్కీసే అడిగాడు. "ఏం కాలుతోంది మునీబ్? గోదామేనా? సరే, వెళ్ళు."

"సర్కీస్!" అని అరిచాడు మునీబ్. "ఇవాళ బండిలో నీళ్ళు లేవు!"

"ఏంటీ?"

"నీళ్ళు లేవు! మనుషులున్నారు, తుపాకులున్నాయి! ఆడవాళ్ళని సెల్లారులోంచి బయటికి పంపెయ్!"

మొదటి తూటా వెనక నుంచి వచ్చింది. మునీబ్ తొడలోంచి దూరి ముందుకు వచ్చింది. అతను పడ్డాడు. ఆ వెంటనే ఆకాశం విరిగి పడ్డట్టు రెండు వైపుల నుంచీ కాల్పులు. నేను సీటు కిందికి జారాను. నా కాళ్ళ దగ్గరున్నవాడు లేచి తుపాకీ ఎత్తాడు. ముందు అద్దం పగిలి వాడి మొహమే లేకుండా పోయింది. వాడి వేడి నెత్తురు నా నోట్లోకి పోయింది. నా కుడిచేతి రెండు వేళ్ళు ఎప్పుడు ఊడిపోయాయో నాకు తెలియదు. తలుపు తీసే ఉంది కాబట్టి బయటికి దొర్లి కాలవలో పడ్డాను.

పసుపు మేడ వైపు నుంచి రాకెట్టు వచ్చి బండి నడుముకి తగిలింది. డీజిలు అంటుకుంది. ట్యాంకు మూత వంగిపోయి బిగుసుకుపోయింది. లోపలివాళ్ళు ఇనుప గోడల్ని పిడికిళ్ళతో బాదారు. ఆ చప్పుడు వీధంతా వినిపించింది. మునీబ్ పాక్కుంటూ వచ్చాడు. విరిగిన వేళ్ళతో, రంధ్రం పడ్డ కాలితో బండెక్కి ఆ మూతను బండి గొడ్డలితో కొట్టాడు. ఆ ఇనుము మీద చేతులు పెడితే చర్మం అంటుకుపోతోంది. పేరుకి ఫైరింజను. దాని మీద పోయడానికి చుక్క నీళ్ళు లేవు. పీపా ఎప్పుడో తూట్లు పడి ఖాళీ అయింది.

"నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండ్రా!" అని అతను అరవడం విన్నాను. ఎంతోమంది ఆ మాట అరవగా విన్నాం మేమిద్దరం. అతని నోట వినడం అదే మొదలు.

డబ్బాల ఆడవాళ్ళే వచ్చారు. తూటాల మధ్యలోంచి, పట్టుకున్న ఆ కాసిని నీళ్ళు తెచ్చి మంట మీద పోశారు. అవతల సర్కీస్ అరుస్తున్నాడు, "కాల్చొద్దు! ఎవడూ కాల్చొద్దు, మునీబ్ ఉన్నాడక్కడ!" అటు వైపు కాల్పులు ఆగాయి. ఆ తర్వాత ఇటూ ఆగాయి. మూత ఊడింది. ముగ్గురు ప్రాణాలతో బయటికి వచ్చారు, ఒళ్ళంతా బొబ్బలతో. రషాద్ అడుగున ఉన్నాడు. రాకెట్టు తగిలింది ఆ వైపే. మునీబ్ వాణ్ణి చేతుల్లోకి తీసుకున్నప్పుడు వాడి చెయ్యి విడిగా వచ్చింది.

అబూ సఖర్ ఆసుపత్రికి మనుషుల్ని పంపాడు, మునీబ్‌ని మంచం మీదే ముగించి రమ్మని. మెట్ల మీద పేట ఆడవాళ్ళు అడ్డంగా కూర్చుని ఉన్నారు. "మమ్మల్ని తొక్కుకుని వెళ్ళండ్రా, మగాళ్ళయితే," అన్నారు. వాళ్ళ తల్లులు, అత్తలే చాలామంది. వచ్చినవాళ్ళు తల దించుకుని పోయారు. అదే నెలలో వాటాల గొడవలో అబూ సఖర్‌ని అతని మనుషులే చంపి చెత్త కుప్పలో పడేశారు. నేను సంతోషించాను. ఇప్పటికీ సంతోషంగానే ఉంది.

రషాద్‌ని పూడ్చి ఇంటికి వచ్చాక, చేదు కాఫీ తాగుతూ మనుషులంతా కూర్చుని ఉండగా, లోపల గదిలోంచి వాడి తల్లి విదాద్ వచ్చింది. నేరుగా మునీబ్ ముందు నిలబడింది.

"పిల్లాడు ట్యాంకులో ఉన్నాడని నీకు తెలుసా?"

నేను ముందుకు దూకాను. "తెలీదు వదినా. ఎలా తెలుస్తుంది? మేం ముందు కూర్చున్నాం, వాళ్ళు ఎప్పుడెక్కారో..."

"జుర్జీ, నోర్ముయ్," అన్నాడు మునీబ్. "తెలుసు. నా కళ్ళ ముందే ఎక్కాడు."

ఆమె కాలి చెప్పు తీసి అతన్ని కొట్టింది. మొహం మీద, కట్టుకట్టిన చేతుల మీద, కాలి మీద. కుట్లు తెగి నెత్తురు నేల మీదికి వచ్చింది. అంతమంది మగవాళ్ళం ఉన్నాం, ఎవరం పట్టుకోలేకపోయాం. అతను చెయ్యెత్తి అడ్డం కూడా పెట్టుకోలేదు. చివరికి ఆడవాళ్ళు ఆమెను లోపలికి లాక్కెళ్ళారు. ఆ రోజు నుంచీ ఆమె అతనికి వండి పెట్టింది, బట్టలు ఉతికింది, కట్లు మార్చింది. మాట మాత్రం మాట్లాడలేదు.

అతని కుట్లు ఆరకముందే గీత మీద మళ్ళీ ఇల్లంటుకుంది. ఎక్కడినుంచో ఒక పాత బండి తెచ్చారు. నేను మూడు వేళ్ళ చేత్తో స్టీరింగు పట్టుకున్నాను. వెనక కుళాయి తిప్పి పెట్టాం. మునీబ్ చంకలో కర్ర పెట్టుకుని దిగాడు.

"ఎక్కు," అన్నాను. "ఇక వాళ్ళెవరూ నమ్మరు. మనల్ని జల్లెడ చేస్తారు."

"నమ్మకపోతే ఆ ఇంట్లో వాళ్ళు చస్తారు," అని కుంటుకుంటూ నడిచాడు.

ఆగాడు. ఒక చెయ్యే పైకెత్తగలిగాడు. "నేను మునీబ్‌ని! బండిలో నీళ్ళు తప్ప ఏమీ లేవు!"

నేను కన్నె మరియమ్మకి దండం పెట్టుకున్నాను, అతని దేవుడికీ పెట్టుకున్నాను.

"ఏం కాలుతోంది మునీబ్?" పసుపు మేడలోంచి అడిగిన సర్కీస్ గొంతు బొంగురు పోయి ఉంది.

"ఇల్లు. పిల్లలున్నారు లోపల."

"వెళ్ళు." మేము కదిలాక మళ్ళీ పిలిచాడు. "మునీబ్! వాడు నీ కొడుకటగా. నాకు తెలీదు."

మునీబ్ వెనక్కి తిరగలేదు. "పని చేసుకోనీ సర్కీస్," అన్నాడు. ఆ ఇంట్లోంచి తల్లినీ ఇద్దరు పిల్లల్నీ దించాం. యుద్ధం అయిపోయేదాకా ఆ దారి ఒక్కసారి కూడా మూతపడలేదు. ఎన్ని ఇళ్ళార్పామో నాకు లెక్క లేదు. పేటలో సగం మంది అతన్ని కొడుకుని తిన్నవాడని అన్నారు. వాళ్ళ ఇల్లంటుకున్నప్పుడు మాత్రం అతన్నే పిలిచారు.

ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నేళ్ళకి ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. అన్నేళ్ళు మింగిన పొగ ఊరికే పోతుందా? ఒక పొద్దున నేను నారింజలు తీసుకుని వెళ్ళాను. విదాద్ కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన దుప్పట్లు మడతపెడుతోంది. మునీబ్ నన్ను చూసి నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక ఆమె వైపు తిరిగాడు.

"విదాద్, ఒక్క మాట మాట్లాడవే. తిట్టయినా తిట్టు. పోయే ముందు నీ గొంతు వినాలనుంది."

ఆమె చేతిలోని దుప్పటి మడత పూర్తి చేసింది. లేచి వచ్చి అతని పక్కన మంచం మీద కూర్చుంది. అన్నేళ్ళ తర్వాత ఆమె అక్కడ కూర్చోవడం అదే మొదలు.

"ఆ రోజు నువ్వొక్క అబద్ధం ఆడి ఉంటే నా కొడుక్కి ఇవాళ పిల్లలుండేవాళ్ళు," అంది. "నిన్ను క్షమించను మునీబ్. రేపు దేవుడడిగినా ఇదే చెప్తాను."

అతను తల ఊపాడు.

"కానీ ఆ సెల్లారులో నా కొడుకుని పట్టుకుని నేను కూర్చుని ఉంటే," అని ఆమె ఆగింది. అతని కాలిన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "గీత మీద నిలబడ్డవాడు నువ్వే కావాలని మొక్కుకునేదాన్ని."